చెవిమడత గుడ్డ

మా మామ వరదయ్యకు ఒక రేకు పెట్టె ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో దుమ్ము తుడుద్దామని దాని మూత ఎత్తి తిట్లు తిన్నాను. పెళ్ళయి నెలైనా కాకముందే మామగారి చేత మాటలు పడడం నా వల్ల కాదు, నేనూ నాలుగు అనేశాను. ఆయన తనే పెట్టె తెరిచి చూపించాడు. లోపల ఒకే ఒక్క గుడ్డ. ఎరుపూ నీలమూ గళ్ళు, కట్టని కొత్త గుడ్డ. ఒక మూల లోపలికి తిరిగి, కొస చిన్న చెవిలాగా బయటికి వచ్చేట్టు మడిచి ఉంది. అలాంటి మడత నేను ఏ కొట్లోనూ చూడలేదు.

"ఎవరిది మామా ఇది?" అన్నాను.

"ఒకామెది. ఆమె పోతే మంచం మీద పరిచేదానికి. పంపిస్తానని మాటిచ్చి వొచ్చినా. నువ్వు దీన్ని తాకబాకమ్మా," అన్నాడు.

ఎవరో పోతారని ముందే గుడ్డ తెచ్చి ఇంట్లో దాచుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆ కథ రాబట్టడానికి నాకు రెండు మూడేళ్ళు పట్టింది. పెరంబూరు రైల్వే క్వార్టర్సులో మా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, రోజుకొక ముక్క చెప్పి లేచిపోయేవాడు. ఇక్కడ నేను వరసగా చెబుతాను.

మామది మడతల పని. జార్జిటౌనులో దామోదరం శెట్టి అని ఒక మొదలాళికి, అంటే షావుకారికి, గుడ్డల గోడౌను ఉండేది. అక్కణ్ణించి ఓడల్లో నైజీరియాకు పోయే గుడ్డ పేరు మద్రాసు రుమాలు. పేరుకే రుమాలు, పొడవు ఎనిమిది గజాలు. మగ్గాల మీద నుంచి వచ్చిన తానుల్ని చాపమీద కూర్చుని మడిచి, కొయ్య సుత్తితో కొట్టి అణిచి, మూటలు కట్టేవాళ్ళకు అందించాలి. మామ వాళ్ళ నాయన కూడా అదే చాపమీద కూర్చుని బతికినవాడు. చెవిమడత ఆయన కనిపెట్టిందే. అవతలి దేశంలో కొనేవాళ్ళు ఆ చెవి చూసే, ఇది ఫలానా ఇంటి సరుకని గుర్తుపట్టేవాళ్ళట. ఇంత పేరున్న మనిషి కొడుకై ఉండి, ముప్పై ఏళ్ళు మడిచి కూడా, వాళ్ళు ఆ గుడ్డతో ఏం చేస్తారో మా మామ ఎరగడు. రుమాలంటున్నారు గదా, ముక్కు తుడుచుకుంటారనుకున్నాడు. ఎనిమిది గజాల గుడ్డ కావలసినంత జలుబు ఏ దేశంలో ఉంటుంది మామా అని నేను ఏడిపించేదాన్ని.

వాళ్ళు దాన్ని పురిటికీ చావుకీ వాడతారు. బిడ్డ పుడితే తల్లికి కట్టబెడతారు. మనిషి పోతే మంచం వేసి, ఆ ఇంట్లో తరతరాలుగా దాచిన గుడ్డలు దానిమీద పరుస్తారు, ఊరంతా వచ్చి చూసిపోతుంది. ఇంటి పరువంతా ఆ మంచం మీదే ఉంటుంది.

అలాంటి మంచం మీద మా దామోదరం శెట్టి గుడ్డ రంగు కారింది. ఖర్చు మిగులుతుందని ఆయన పాత రంగు మాన్పించి నాసిరకం రంగు వేయించాడు. అక్కడెక్కడో ఒక పెద్దాయన పోయినరోజు వాన చినికి, ఎర్రరంగు శవం ముఖం మీదికి కారిందట. ఆ వైపు ఊళ్ళన్నిటికీ గుడ్డ అమ్మే పెద్దామె సరుకు ఆపేసింది. ఆమెను మెత్తబరచి రమ్మని, 1965లో, శెట్టి తన చిన్నకొడుకు బాలసుందరాన్ని ఓడ ఎక్కించాడు. మూటలో సముద్రపు నీళ్ళు దిగాయి, తప్పు ఓడవాళ్ళదని చెప్పాలి. తోడుకు వరదయ్యను పంపాడు. చెవిమడత మడిచే మనిషే వచ్చి చెప్పాడంటే నమ్ముతారని ఆయన లెక్క. అబద్ధానికి సాక్షి కావాలి గదా, మా మామ దొరికాడు.

సెంట్రల్ స్టేషనులో బొంబాయి రైలెక్కేముందు బాలసుందరం తల్లి సీతాలక్ష్మమ్మ మామను పక్కకు పిలిచింది. "వరదయ్యా, వాడికి చారు లేకుంటే ముద్ద దిగదు. నువ్వే చూసుకోవాల," అన్నది. పెళ్ళి కావలసిన ఇరవై ఆరేళ్ళ కొడుకు గురించి ఆమెకు ఉన్న దిగులు అదొక్కటే.

ఆ ఊరు ఏరూ సముద్రమూ కలిసేచోట, మడచెట్ల మధ్య ఒక దీవి. మన ఎన్నూరు ఉప్పుటేరే అనుకోమన్నాడు మామ, అదే బురద, అదే చేపల కంపు. పెద్దామె వాళ్ళను ఇంట్లో కూర్చోబెట్టి, వాళ్ళు తెచ్చిన గుడ్డ కొసను వాసన చూసింది, నాలుకతో తాకింది. అంతే, ఆమెకు తెలిసిపోయింది. బాలసుందరం తన ఇంగ్లీషులో సముద్రపు నీళ్ళ కథంతా చెప్పాడు. ఆమె మధ్యలో ఆపకుండా విన్నది. విని, ఎండన పడి వచ్చారు, అన్నం తినండి అన్నది. తల పైకెత్తలేకపోయినానమ్మా అనేవాడు మామ.

ఆ సాయంత్రమే బాలసుందరానికి జ్వరం వచ్చింది. పడవలో ఒక డాక్టరు వచ్చి సూదివేసి పోయాడు. జ్వరం తగ్గలేదు. పట్నానికి తీసుకుపోవాలంటే పడవలో కదిపితేనే పోయేట్టున్నాడు. తమను మోసం చేయడానికి వచ్చినవాణ్ణి ఆమె తన మంచం మీద పడుకోబెట్టింది. ఒళ్ళు తుడిచింది. ఆ పిల్లవాడు వాంతి చేసుకుంటే దోసిలి పట్టింది. ఇంట్లో అందరూ తాగే కారం చారు చేపలతో కాచేది. వీళ్ళు తినరని మామ చేతులు తిప్పి చెబితే, వేరే కుండ పెట్టి, మిరియాలు దంచి ఉత్త నీళ్ళచారు కాచింది. బాలసుందరం రెండు గరిటెలు తాగి, కళ్ళు తెరిచి ఆమెను చూసి, "అమ్మా, ఇంకొంచెం పొయ్యి," అన్నాడు. ఆ మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఊరి పెద్దలు వచ్చి, మా ఊళ్ళో పోయాడు గనుక మేమే మర్యాదగా పూడుస్తామన్నారు. మామకు ఇంగ్లీషు రాదు. ఇన్నాళ్ళూ మాటలన్నీ చచ్చిపోయిన పిల్లవాడే మాట్లాడాడు. మామ శవం కాళ్ళు పట్టుకుని, అగ్గిపుల్ల గీసి చూపించి, "ఫైరు, ఫైరు" అని ఏడ్చాడు. అర్థమయ్యేసరికి అందరూ లేచి నిలబడ్డారట. ఆ ఊళ్ళో మనిషిని కాల్చడమంటే అంతకంటే అవమానం లేదు. శాపం తగిలినవాణ్ణి, మళ్ళీ పుట్టకూడదనుకున్నవాణ్ణే కాలుస్తారు. ఇంట్లో అన్నం పెడితే ఊరికి అరిష్టం తెస్తావా అని ఒకతను మామను పట్టి నెట్టాడు. మామ పోయి పెద్దామె కాళ్ళమీద పడ్డాడు.

ఆమె ఆయన్ని లేవదీసింది. తర్వాత పెద్దలతో గట్టిగా ఏదో వాదించింది. చివరికి, ఊళ్ళో కాదు, ఏటి అవతల ఇసుకదిబ్బ మీద చేసుకోండి, ఏమొచ్చినా నీ నెత్తిన అని ఆమెతో చెప్పి వెళ్ళిపోయారు. ఎవరూ రారనుకున్నాడు మామ. చేపలు పొగబెట్టుకునే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, తమ పొయ్యి కట్టెలు ఒక్కొక్క మోపు పడవలో వేసి, మాట్లాడకుండా పోయారు. నలుగురు జాలరులు వచ్చి భుజం పట్టారు. వాళ్ళ పేర్లు కూడా అడగలేదని మా మామ చివరిదాకా ఏడ్చేవాడు.

దిబ్బమీద కట్టెలు పేర్చాక పెద్దామె ఒక గుడ్డ తెచ్చింది. వాళ్ళమ్మ దాచి ఇచ్చింది, తను పోయినరోజు మంచానికి పైగుడ్డగా పరచవలసింది. తనవైపు చూపించి, చేతులమీద చెంప ఆనించి కళ్ళు మూసుకుని చెప్పింది. మామ ఆ గుడ్డ వంక చూశాడు. నలభై ఏళ్ళుగా ఎవరూ విప్పలేదు. మూలన చెవి. తన మడత కాదు, తన నాయన మడత. నాయన చెవి కొసను ఎప్పుడూ కొంచెం ఎడమకు వాల్చేవాడు. మామ వద్దు వద్దని చేతులు అడ్డం పెట్టాడు. ఆమె ఆయన చేతులు తోసేసి, మడత విప్పి, బాలసుందరం మీద కప్పింది. ఇంత అన్యాయం చేసినవాళ్ళ బిడ్డకు తన చావుగుడ్డ ఇచ్చేసింది. నేనైతే ఇవ్వను. ఆ మాటే మామతో అంటే, "నువ్వూ ఇస్తావులేమ్మా," అన్నాడు. ఇవ్వను, నా సంగతి నాకు తెలుసు.

నిప్పు మామే పెట్టాడు. శెట్టిగారి కొడుక్కి మడతలు మడిచేవాడు నిప్పుపెట్టడం మన ఊళ్ళో జరిగే పనేనా? ఏడు సముద్రాల అవతల కులం ఎవడు చూశాడు మామా అన్నాను. "నేను చూసినా గదమ్మా," అన్నాడు.

బయలుదేరేరోజు మామ ఆమె పెట్టె తెరిపించి, ఖాళీ అయిన చోటు చూపించి, తన రెండు చేతులూ చూపించి, గాలిలోనే ఒక గుడ్డ మడిచాడు. చెవితో సహా. నేను పంపిస్తానని. ఆమె నవ్విందట. ఆమె నవ్వగా చూసింది అప్పుడొక్కసారేనట.

ఇక్కడికి వస్తే ఏమైంది? మామ బిస్కెట్ల డబ్బాలో అస్థికలు తెచ్చాడు. దామోదరం శెట్టి కొడుకు కోసం స్తంభం పట్టుకుని ఏడ్చాడు, కాదనను. ఏడుపు ఆగాక, ఎవరు మోశారు, ఎవరు నిప్పుపెట్టారు అని అడిగాడు. విన్నాక డబ్బా ఇంట్లోకి కూడా పోనివ్వకుండా రాయపురం సముద్రంలో కలిపించాడు. లేగోస్‌లో గుజరాతీ వర్తకులు బ్రాహ్మణ్ణి పెట్టి అన్నీ జరిపించారని భార్యకు చెప్పాడు. "కులంలో మాటొస్తుంది. నిజం తెలిస్తే వాడి తల్లి బతకదు. నోరు మెదిపితివంటే చూడు," అని మామ చేత దేవుడి పటం ముందు ఒట్టు వేయించాడు.

అలా మా మామ రెండు మాటల మధ్య ఇరుక్కున్నాడు. పాత రంగు వేసే మనిషి కోసం తిరిగి తిరిగి, పొన్నేరి పక్క ధర్మలింగం అనే ముసలి సాలెవాణ్ణి పట్టుకుని, ఒక్క గుడ్డ నేయించాడు. అది మడిచి చెవి పెట్టేసరికి నైజీరియాలో అంతర్యుద్ధం వచ్చి ఆ వైపు ఓడలు నిలిచిపోయాయి. గిరాకీ పోయి గోడౌను మూతపడింది. యుద్ధం ఆగాక, ఆ ఊరే ఖాళీ అయిందని, మనుషులు చెల్లాచెదరయ్యారని ఎవరో చెప్పారు. మామ మాత్రం ఆ పెట్టెకు కావలి కూర్చున్నాడు. ఆ ఆశ ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. చిరాకుగా ఉండేది.

1979లో ఒకరోజు, పాత గోడౌనులో మూటలు కట్టే కుప్పుసామి, ఆటోలో ఒక అమ్మాయిని మా ఇంటికి తీసుకువచ్చాడు. పొడుగ్గా, నల్లగా, తలకు గుడ్డ కట్టుకుని ఉంది. క్వార్టర్సులో జనమంతా మా వాకిట్లో చేరారు. గుడికైనా ఇంత మంది రారు. నేను చీపురు తీసేసరికి పోయారు.

"రెండు దినాలుగా జార్జిటౌనంతా తిరగతా ఉందన్నా ఈ పాప," అన్నాడు కుప్పుసామి మామతో. "ప్రతి కొట్లోనూ తువాలొకటి అడిగి మడిచి చూపిస్తాంది. అందరూ నవ్వతాండారు. నేను చూస్తే, అది నీ మడత."

ఆ అమ్మాయి పేరు డోర్కస్. పెద్దామె మనవరాలు. గుడ్డల వ్యాపారానికని వచ్చింది. నాది స్కూలు ఫైనల్ ఇంగ్లీషు, అయినా ఆమె నిదానంగా చెప్పింది, నేను మామకు చెప్పాను. ఇంకొకరి నోటితో చెప్పించవలసిన మాటలు కావవి.

వాళ్ళ అవ్వ యుద్ధంలోనే పోయింది. ఊరు వదిలి పడవల్లో పారిపోతుంటే జనం ఆమెను తమ పడవ ఎక్కనివ్వలేదు. దిబ్బమీద మనిషిని కాల్చనిచ్చింది ఈమే, ఊరికి ఈ నాశనం అందుకే వచ్చిందని కొందరు పుట్టించారు. ఆమె మడచెట్లలో దాక్కుని, ఆకలికీ జ్వరానికీ పోయింది. ఒక చాపలో చుట్టి పూడ్చారు. మంచం వేయలేదు. వాళ్ళలో ఆ మంచం ఎన్నేళ్ళ తర్వాతైనా వేయవచ్చట. వేసేదాకా మనిషి పెద్దల్లో కలవదు. ఇప్పుడు వేస్తామంటే తిరిగి చేరిన ఊరి పెద్దలు ఒప్పుకోవడం లేదు. కాలినవాడి తల్లి ఒక గుడ్డ ఇచ్చి, నా కొడుక్కి జరిగింది అవమానం కాదని తన నోటితో చెప్పి పంపాలి. అప్పుడే ఒప్పుకుంటామన్నారు.

నేను చెప్పడం అయ్యాక మామ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తన ప్రాణం తీసుకున్నా ఇచ్చేవాడే. అడిగింది అది కాదు. సీతాలక్ష్మమ్మకు నిజం చెప్పాలి. శెట్టి పోయి మూడేళ్ళయినా మామ ఒట్టు పోలేదు. పైగా ఆమె మడి మనిషి. పద్నాలుగేళ్ళుగా నమ్మిన మాట అబద్ధమని తెలిస్తే ఆ వయసులో తట్టుకుంటుందా? తిట్టి వెళ్ళగొడితే ఈ పిల్ల ఏ ముఖంతో వెనక్కి పోతుంది?

"ఒట్టు వేయించుకున్నాయన అబద్ధానికి వేయించుకున్నాడు. దానికేం విలువ మామా? లేవండి," అన్నాను. రేకు పెట్టె నేనే చంకన పెట్టుకున్నాను. ఆ రోజు ఆయన నన్ను తాకబాక అనలేదు.

మేం ముగ్గురం పోయేసరికి సీతాలక్ష్మమ్మ వాళ్ళింటి నడవలో కూర్చుని ఉంది, బోసి నుదురు, తెల్లచీర. మామ గడప దగ్గరే నిలబడి, దించిన తల ఎత్తకుండా మొత్తం చెప్పాడు. రంగు కారిన సంగతి కూడా దాచలేదు. ఆమె కదలకుండా విన్నది.

"నిప్పు ఎవురు పెట్టినారన్నావు?"

"నేనేనమ్మా."

"ఆయన గుజరాతీవోళ్ళని చెప్పినారే."

ఆమె డోర్కస్ వైపు చూసింది, మళ్ళీ మామవైపు చూసింది.

"కడాకు వాడేమి తినినాడు?"

"చారమ్మా. మిరియాల చారు. ఈ పాప అవ్వే కాచి పోసింది. రెండు గరిటెలు తాగి, అమ్మా, ఇంకొంచెం పొయ్యి అన్నాడు."

"నన్ను తలుచుకున్నాడా?"

అవునని అనేసి ఉంటే సరిపోయేది. నేనైతే అనేదాన్ని. మామ మాత్రం, "ఆమెను చూసే అన్నాడమ్మా. ఆమే మీరనుకున్నాడు," అన్నాడు.

సీతాలక్ష్మమ్మ లేచి లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. డోర్కస్ నా చేయి గట్టిగా పట్టుకుంది. "సుమ్మా ఊరికే ఉన్న ముసలామెను చంపేసినాను, పోదాం పదమ్మా," అన్నాడు మామ.

ఆమె బయటికి వచ్చింది. చేతిలో పసుపు గిన్నె ఉంది. మొగుడు పోయినప్పటినుంచీ ఆమెను ఎవరూ పసుపు ముట్టనివ్వలేదు. పెద్దకొడుకు పెళ్ళాం వంటింట్లోంచి తనే తీసుకువచ్చింది. కోడలు వెనకే వచ్చి, "అత్తా, ఏమిది?" అంటున్నా వినలేదు. నా చేతిలోని పెట్టెలోంచి గుడ్డ తీసి, విప్పి, ఒడిలో వేసుకుని, ఒక్కొక్క మూలకూ పసుపు అద్దింది.

"చావుగుడ్డమ్మా అది, పసుపెందుకు?" అన్నాడు మామ.

"ఆడది పోతే పుట్టింటోళ్ళు చీర తెచ్చి కప్పాల గదరా వరదయ్యా. ఆమెను పడవలో గూడా ఎక్కించుకోలేదంటివే. ఇంక ఆమెకు పుట్టింటోళ్ళు ఎవురుండారు, మనమేగదా," అన్నది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. పద్నాలుగేళ్ళ కింద కొడుకు కోసం ఏడ్చినదానికంటే ఎక్కువగా ఏడ్చిందని ఆ కోడలే తర్వాత చెప్పింది.

ఏడుపు తగ్గాక నన్ను పిలిచింది. "ఆ పాపకి ఇంగ్లీషులో సరిగ్గా చెప్పు. వాళ్ళ పెద్దోళ్ళకి చెప్పమను. మేము శత్రువుల్ని కాల్చం. మాకు కావలసినోళ్ళనే కాలుస్తాం. నా మొగుణ్ణీ అట్లనే కాల్చినాం. నన్నూ కాలుస్తారు. నా బిడ్డకి ఆమె చేసింది నేను చేయాల్సిన పని."

నాకు వచ్చిన ఇంగ్లీషంతా పెట్టి చెప్పాను. డోర్కస్ ఆ గుడ్డ కొసను వాసన చూసింది, నాలుకతో తాకింది. తల ఊపింది. తర్వాత నేలమీద ముసలామె ముందు మోకాళ్ళమీద కూర్చుండిపోయింది.

గుడ్డ మళ్ళీ మడవాలి. మామ కూర్చుని అంచు పట్టుకున్నాడు. చేతులు ఒకటే వణుకుడు, మూల లోపలికి తిరగలేదు. రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాడు. డోర్కస్ ఆయన చేతుల్లోంచి తీసుకుని, మోకాలి మీద పెట్టి మడిచింది. చెవి వచ్చింది. కొస కొంచెం ఎడమకు వాలింది. వాళ్ళ అవ్వ ఆ పాత మడత చూసే నేర్పిందట. మామ దాన్ని వేలితో తాకి, "మా నాయన," అన్నాడు.

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. మంచం వేశారో లేదో మాకు తెలియలేదు. కబురేదీ రాలేదు. మామ రెండేళ్ళు ఎదురుచూసి, 1981 వానల్లో పోయాడు. చివరి నెలలో తువాలు కనబడితే చాలు, తీసి మడవబోయేవాడు, చెవి దగ్గర చేయి ఆగిపోయేది. పాడె కట్టాక నేను మా అత్తవారింటి ఆచారాలేవీ అడగలేదు. ఉతికిన గళ్ళ దుప్పటి ఒకటి తెచ్చి, నాకు చేతనైనట్టు మూల లోపలికి తిప్పి, ఆయన మీద కప్పాను. చెవి సరిగ్గా రాలేదు.